పిల్లల మోచేయి విరిగాక: వంచడం కాదు, వాడించడం

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మాది కూకట్‌పల్లి. బాబుకి ఏడేళ్లు. స్కేటింగ్ చేస్తూ పడి కుడి మోచేతి పైన ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రెండు వైర్లు వేశారు. నాలుగు వారాలకు వైర్లు తీసేసి కట్టు విప్పారు. విప్పి పది రోజులైంది. చేయి సగం వంగి అక్కడే ఆగిపోయింది. నోటి దాకా రాదు, పూర్తిగా చాపలేడు. మా వీధిలో ఒకాయన వచ్చి పట్టి వంచుతున్నాడు, వాడు ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తున్నాడు. అత్తగారేమో నూనె రాసి తోమిద్దామంటారు. ఎవరో ఆక్యుపేషనల్ థెరపీ అన్నారు. అది ఆటిజం పిల్లలకు కదా? జూన్‌లో స్కూలు తెరిచేలోపు బాగవుతుందా?"

ముందు ఆ పట్టి వంచడం ఆపించండి. ఇవాళే. మిగతాదంతా తీరిగ్గా చదువుకోవచ్చు.

నేను హైదరాబాద్‌లో పిల్లల చేతులతో పనిచేసే ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని, అంటే దెబ్బ తగిలాక రోజువారీ పనులు మళ్లీ తామే చేసుకునేలా చేయించేదాన్ని నేర్పే పని మాది. మీరు రాసిన పరిస్థితి వేసవి సెలవుల్లోనూ సంక్రాంతి గాలిపటాల రోజుల్లోనూ మా దగ్గరికి మరీ ఎక్కువగా వస్తుంది. కాబట్టి మీ వాడికి ఏదో వింత జరిగిందని కంగారు పడకండి. మోచేతి దగ్గర పిల్లలకు విరిగే ఎముకల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే, సూప్రాకాండైలర్ ఫ్రాక్చర్. అయిదు నుంచి ఏడేళ్ల మధ్య పిల్లల్లో మరీ ఎక్కువ. పడేటప్పుడు చేయి చాపి నేలకు ఆనించుకుంటారు. బరువంతా చాపిన మోచేతి మీదుగా పైకి పోతుంది. మోచేతికి కాస్త పైన, చేతి ఎముక పల్చగా ఉండే చోట పటుక్కుమంటుంది. దీన్ని మూడు రకాలుగా విడగొట్టి చెప్పే గార్ట్‌లాండ్ పద్ధతి 1959 నుంచీ వాడుకలో ఉంది. మొదటి రకానికి కట్టు చాలు. మీ వాడికి వైర్లు వేశారంటే రెండో రకమో మూడో రకమో అయి ఉంటుంది, అంటే ఎముక చోటు తప్పి జరిగింది.

అలా జరిగినప్పుడు విరిగిన ఎముక అంచు ముందువైపు కండరంలోకి దిగొచ్చు. బ్రాకియాలిస్ అనే ఆ కండరం సరిగ్గా ఎముకను ఆనుకునే ఉంటుంది. అది నలిగి లోపల రక్తం గడ్డకడుతుంది. ఇంకా మానుతున్న ఆ కండరాన్ని రోజూ బలవంతంగా సాగదీస్తే మళ్లీ మళ్లీ చిరుగుతుంది. కొందరిలో చిరిగిన కండరంలోనే ఎముక పెరగడం మొదలవుతుంది. దాన్ని మయోసైటిస్ ఆసిఫికాన్స్ అంటారు. అది వచ్చిందంటే ఇప్పుడు తాత్కాలికంగా ఉన్న బిగుతు నెలల తరబడి పీడించే సమస్య అవుతుంది. మోచేతి మీద నూనె పెట్టి గట్టిగా తోమడానికీ ఇదే అభ్యంతరం. అత్తగారి మాట పూర్తిగా కొట్టేయక్కర్లేదు. భుజానికీ అరచేతికీ వేళ్లకీ మెల్లగా నూనె రాయమనండి, వాడికీ హాయిగా ఉంటుంది. మోచేతి కీలు జోలికి మాత్రం వద్దు. ఇసుక బకెట్ మోయిస్తే చేయి దానంతటదే సాగుతుందనే సలహా కూడా ఎవరో ఒకరు ఇస్తారు, ఇవ్వకపోతే ఆశ్చర్యం. అదీ వద్దు. బరువు వేలాడేసరికి పిల్లాడు భయంతో కండరం బిగబడతాడు. సాగాల్సింది బిగుస్తుంది.

ఇక బాగవడానికి ఎంతకాలం? ఇలా విరిగిన పిల్లల మోచేతి కదలికను ఏడాది పాటు కొలుస్తూ వెళ్లిన ఒక అధ్యయనం 2010లో వచ్చింది. దెబ్బ తగిలిన ఆరు వారాలకు బాగున్న చేతితో పోలిస్తే సగటున 72 శాతం కదలిక ఉంది. పన్నెండు వారాలకు 86, ఆరు నెలలకు 94, ఏడాదికి 98. మీ వాడికి దెబ్బ తగిలి అయిదున్నర వారాలు కూడా సరిగ్గా నిండినట్టు లేదు. ఈ దశలో చేయి సగంలో ఆగిందంటే దారి తప్పినట్టు కాదు. రోజూ స్కేలు పెట్టుకుని చూస్తే ఏమీ మారనట్టే కనిపిస్తుంది. వారానికొకసారి, అదే గోడ దగ్గర, అదే పక్క నుంచి, రెండు చేతులూ చాపించి ఒకటి, వంచించి ఒకటి ఫోన్‌లో ఫొటోలు తీసి పక్కపక్కన పెట్టుకోండి. తేడా అప్పుడు తెలుస్తుంది. చివరి పది డిగ్రీలు చాపడం అన్నిటికన్నా ఆలస్యంగా వస్తుంది, అది కూడా ముందే తెలిసి ఉంటే మంచిది.

ఇప్పుడు మా వృత్తికి అంతగా రుచించని కబురొకటి. 2014లో అమెరికాలో ఇలాంటి ఫ్రాక్చర్లే అయిన 61 మంది పిల్లల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఫిజికల్ థెరపీ ఇచ్చి, రెండో జట్టుకు ఇవ్వకుండా పోల్చి చూశారు. థెరపీకి వెళ్లిన పిల్లలకు కదలికలో గానీ చేతి వాడకంలో గానీ అదనంగా ఒరిగిందేమీ లేదు. అందులో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది మరొకటి: ఆందోళన ఎక్కువున్న పిల్లలు చేతిని తిరిగి వాడుకోవడంలో వెనకబడ్డారు. మా గదిలో మేం రోజూ చూసేదీ అదే. ఎముక అతుక్కుంటుంది, కండరం మెత్తబడుతుంది, పిల్లాడు మాత్రం చేతిని కడుపుకు హత్తుకుని కూర్చుంటాడు. దాన్ని వదిలించడం అసలు పని. వీధిలో ఆయన రోజూ వచ్చి చేస్తున్నది సరిగ్గా దానికి ఎదురు. గేటు చప్పుడైతే మీ వాడు చేతిని దాచుకుంటున్నాడా? అయితే కారణం మీకు తెలిసినట్టే.

"మరి థెరపీతో లాభమే లేనప్పుడు మీరెందుకు?" అంటారు. అడగాల్సిందే. మామూలుగా మానుతున్న ఏడేళ్ల పిల్లాడికి వారానికి అయిదు సిటింగులు అక్కర్లేదు. ఒకసారి చూపించుకుని, కొలతలు తీయించుకుని, ఇంట్లో ఏం చేయించాలో నేర్చుకుని, రెండు మూడు వారాలకోసారి మళ్లీ చూపిస్తే చాలు. ముప్పై సిటింగుల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టమనే చోట నుంచి మర్యాదగా లేచి వచ్చేయండి. థెరపిస్టు నిజంగా పనికొచ్చేది రెండు చోట్ల. ఒకటి, చేతిని పిల్లాడి రోజులోకి తిరిగి ఎలా తేవాలో చెప్పడం. రెండు, అందరి పిల్లల్లా మానని చేయి ఏదో ముందే పసిగట్టడం.

మొదటిదాని గురించి వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇంట్లో చేయగలిగిందంతా అందులోనే ఉంది.

రోజువారీ పనులకు మోచేయి పూర్తిగా కదలక్కర్లేదు. సున్నా అంటే నిటారుగా చాపడం అనుకుంటే, దాదాపు 30 నుంచి 130 డిగ్రీల మధ్య కదిలితే చాలా పనులు నడిచిపోతాయి. అయితే చేత్తో అన్నం తినే మనకు 130 వైపు కొస చాలా ముఖ్యం. ముద్ద నోటికి చేరాలంటే మోచేయి బాగా వంగాలి, అరచేయి మొహం వైపు తిరగాలి. స్పూన్ అయితే కాస్త దూరం నుంచి అయినా అందుతుంది, చేయి అలా కాదు. అందుకే పప్పన్నంతో మొదలుపెట్టొద్దు. చొక్కా మీద పడుతుంది, మీరు అయ్యో అంటారు, వాడు మళ్లీ ఎడమ చేతికి మారిపోతాడు. మరమరాలతో మొదలుపెట్టండి. గిన్నెను టేబుల్ మీద వాడికి కాస్త దూరంగా, అందుకోవడానికి చేయి చాపాల్సినంత దూరంలో పెట్టండి. కుడి చేత్తో ఒక్కోటీ తీసుకుని తినాలి, అంతే షరతు. అందుకునేటప్పుడు చేయి చాపుతాడు, నోట్లో వేసుకునేటప్పుడు వంచుతాడు. ఇష్టమైన కార్టూన్ ముందు కూర్చుంటే ఇలా ఎన్నిసార్లు చేశాడో వాడికే తెలియదు. మొదట్లో తలను చేతి దగ్గరికి తెచ్చుకుంటాడు. తెచ్చుకోనివ్వండి. వారం వారం తల కిందికి రావడం తగ్గి చేయి పైకి రావడం పెరుగుతుంది. రెండు మూడు రోజులకోసారి గిన్నెను ఇంకొద్దిగా దూరం జరపండి.

స్నానం వేళ మరో మంచి అవకాశం. గోరువెచ్చని నీళ్లలో చేయి కాసేపు ఉన్నాక కదలిక తేలికవుతుంది. వైర్లు తీసిన చోట పుళ్లు పూర్తిగా ఎండాయో లేదో ముందు చూసుకోండి. తర్వాత బకెట్లో స్పాంజి ముంచి పిండడం, చిన్న మగ్గుతో ముంచి ఎడమ భుజం మీద పోసుకోవడం, రెండు చేతులతో మొహం కడుక్కోవడం. మగ్గు నిండా నీళ్లు ఇప్పుడే వద్దు, పావు వంతు చాలు.

అరచేతిని పైకీ కిందికీ తిప్పే కదలికను చాలామంది మర్చిపోతారు. మోచేతిని నడుముకు ఆనించి, ఒక గిన్నెలోంచి కందిపప్పు ఇంకో గిన్నెలోకి ఒంపమనండి. పేకముక్కలు ఒక్కోటీ తిరగేయమనండి. తలుపు తాళం తీసే పని వాడికే అప్పగించండి. నడుముకు ఆనించమన్నది ఎందుకంటే, మోచేయి తిరగనప్పుడు పిల్లలు భుజాన్ని ఎగరేసి, ఒళ్లంతా వంచి పని కానిచ్చేస్తారు. చూసేవాళ్లకు చేయి బాగానే తిరుగుతున్నట్టుంటుంది. అద్దం ముందు చేయిస్తే ఆ దొంగాట వాడికే కనిపించి నవ్వొస్తుంది.

చాపడానికి: చపాతీ పీట దగ్గర నిలబెట్టి అప్పడాల కర్ర రెండు చేతులకూ ఇవ్వండి. పిండి మెత్తగా కలపండి. బాగున్న చేయి ముందుకు తోస్తే రెండోది దాంతోపాటే వెళ్తుంది, ఎవరూ లాగకుండానే. తడిగుడ్డతో టేబుల్ తుడవడం, గోడ మీద వేళ్లతో చీమ ఎక్కినట్టు ఎక్కించడం, క్యారమ్స్. స్ట్రైకర్ కొట్టడానికి బోర్డు మీదికి ఒంగి చేయి చాపే తీరు మోచేతికి సరిగ్గా కావలసిందే, పైగా నాన్నను ఓడించాలనే పట్టుదల తోడవుతుంది.

వీటిలో ఏదైనా అయిదు పది నిమిషాలకు మించి వద్దు, రోజుకు నాలుగైదు సార్లు. ఒకే గంట కూర్చోబెట్టి చేయించడం కన్నా ఇది మేలు. చేస్తున్నప్పుడు కాస్త లాగినట్టుండి, ఆపాక కొన్ని నిమిషాల్లో తగ్గిపోతే ఫరవాలేదు. రాత్రి దాకా నొప్పి ఉన్నా, మోచేయి వాచినా, మర్నాడు ముందుకన్నా బిగుతుగా ఉన్నా ఎక్కువైందని అర్థం. ఒక రోజు తగ్గించండి.

ఇంకొక మాట, మీరు కష్టంగా తీసుకోకండి. కట్టు ఉన్నన్నాళ్లూ మీరే తినిపించారు, తుడిచారు, బొత్తాలు పెట్టారు. అలవాటై ఇంకా అదే చేస్తుంటారు. వాడికీ అది హాయిగానే ఉంటుంది. ఒక్కో పనీ వెనక్కి ఇచ్చేయండి. చొక్కా తొడిగేటప్పుడు దెబ్బ తగిలిన చేయి ముందు, విప్పేటప్పుడు ఆ చేయి చివర. ఈ ఒక్క కిటుకు తెలిస్తే వదులు చొక్కా తనే వేసుకుంటాడు. పై బొత్తాం చివరికి వస్తుంది, కింది నుంచి మొదలుపెట్టించండి. తాతయ్యకు రెండు చేతులతో నమస్కారం పెట్టమనడం కూడా వ్యాయామమే.

స్కూలు విషయం. మన దగ్గర జూన్ 12న తెరుస్తారు కదా, ఆ తేదీని మోచేతికి గడువుగా పెట్టకండి. పంపడానికి పూర్తిగా చాపగలగాల్సిన పని లేదు. రాయడానికి మోచేయి తొంభై డిగ్రీల దగ్గర ఉంటే సరిపోతుంది, అందుకే రాత తొందరగానే తిరిగొస్తుంది. ఇప్పటి నుంచే రోజూ అరపేజీ రంగులు వేయించండి, చేయి అలిసిపోకుండా ఉంటుంది. టీచరుతో మాట్లాడాల్సినవి వేరే: బెంచీలో కుడి చివరన కూర్చోబెట్టమనండి, పక్కవాడి మోచేయి తగలకుండా. నోట్స్ కొద్దిరోజులు తగ్గించమనండి. మెట్ల మీద తోపులాట అయ్యాక దిగనివ్వమనండి. బ్యాగు మీరు మోయండి. స్టీలు టిఫిన్ డబ్బా మూత బిగుసుకుంటే తీయలేక మధ్యాహ్నం తినకుండా వస్తాడు, వదులు మూత ఉన్నది పెట్టండి. పీటీ పీరియడ్ డాక్టరు చెప్పే దాకా వద్దు.

ఇక రెండోది, అందరిలా మానని చేయి.

కాగితం, కత్తెర, రాయి ఆట ఆడించండి. సరదాకే కాదు. పిడికిలి బిగించడం, వేళ్లు చాపడం, రెండు వేళ్లు కత్తెరలా విడదీయడం వేర్వేరు నరాల పనులు. దానికి ఇంకొకటి కలపండి: బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి గుండ్రంగా సున్నా చుట్టమనండి. ఈ ఫ్రాక్చర్లో ఎక్కువగా దెబ్బతినే నరం ఆ సున్నాలో బయటపడుతుంది. గుండ్రంగా రాకుండా వేళ్ల కొసలు వెనక్కి వాలి చిలకముక్కులా నొక్కుకుంటే డాక్టరుకు చెప్పండి. చిటికెనవేలు వైపు తిమ్మిరి ఉన్నా చెప్పండి. చాలావరకు ఈ నరాలు కొన్ని నెలల్లో వాటంతటవే కోలుకుంటాయి, కానీ లెక్క పెట్టుకుంటూ గమనించే మనిషి ఒకరుండాలి.

మణికట్టు నిటారుగా పెడితే వేళ్లు ముడుచుకుపోయి, మణికట్టు కిందికి వంచితేనే విచ్చుకుంటున్నాయా? అది మోచేతి బిగుతు కాదు. ముంజేతి కండరానికి రక్తం అందక వచ్చే సమస్య, 1881లో దీన్ని వివరించిన జర్మన్ సర్జన్ పేరు మీద వోక్‌మన్ కాంట్రాక్చర్ అంటారు. ఆలస్యం చేయకుండా సర్జన్ దగ్గరికి వెళ్లాలి. ఇది చదివే వాళ్లలో పిల్లలకు ఇంకా కట్టు ఉన్నవాళ్లుంటే, అది ఆసుపత్రి కట్టయినా నాటు కట్టయినా సరే: మందు వేసినా నొప్పి పెరుగుతూ పోతుంటే, పిల్లాడు ఊరుకోకుండా గోల పెడుతుంటే, వేళ్లు మెల్లగా చాపినా కేకలు పెడితే, వేళ్లు చల్లబడి పాలిపోతే, తెల్లారే దాకా ఆగకండి.

థెరపీ గట్టిగా అవసరమయ్యే పిల్లలు ఎవరంటే, పదేళ్లు దాటినవాళ్లు, కీలు లోపలికి చీలిక వెళ్లినవాళ్లు (లేటరల్ కాండైల్ అని రిపోర్టులో ఉంటుంది), కోసి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, ఎక్కువ వారాలు కట్టులో ఉన్నవాళ్లు, నరం దెబ్బతిన్నవాళ్లు. బాగానే పెరుగుతున్న కదలిక వెనక్కి తగ్గడం మొదలైనా, మూడు నాలుగు వారాలుగా ఒక్క డిగ్రీ మారకపోయినా, గోడకు తగిలినట్టు టక్కున ఒకేచోట ఆగుతున్నా మళ్లీ ఎక్స్‌రే తీయించాలి. అలాంటి వాళ్లకే రాత్రిళ్లు చేయిని ఒక భంగిమలో పట్టి ఉంచే స్ప్లింట్ల గురించి ఆలోచిస్తాం. మీ వాడికి ఇప్పుడు ఆ ఊసు అక్కర్లేదు.

చేయి చాపినప్పుడు ముంజేయి లోపలికి తిరిగి వంకరగా కనిపిస్తే అది బిగుతు వల్ల కాదు, ఎముక అతుక్కున్న తీరు వల్ల. ఏ వ్యాయామమూ దాన్ని సరిచేయదు. వయసుతో సర్దుకుంటుందని ఎదురుచూడటమూ వృథానే, ఎందుకంటే ఆ ఎముక పెరుగుదలలో దాదాపు 80 శాతం భుజం వైపు నుంచే జరుగుతుంది, మోచేతి వైపు పెరిగేది కొద్దిగానే. అది సర్జన్‌తో మాట్లాడాల్సిన విషయం. చేయి వాడకానికి మాత్రం చాలాసార్లు అడ్డురాదు.

ఆటిజం పిల్లలకు కదా అన్నారు. మీ అనుమానంలో తప్పు లేదు, మన ఊళ్లో ఆక్యుపేషనల్ థెరపీ బోర్డులు ఎక్కువగా ఆ పని చేసే సెంటర్లవే. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థ కూడా బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం ఏర్పడిందే. కాబట్టి ఫోన్ చేసినప్పుడే "ఎముకలు విరిగిన పిల్లల చేతులు చూస్తారా?" అని అడగండి. ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీలైన బీఓటీ గానీ ఎంఓటీ గానీ చదివారా అని అడగడానికి మొహమాటపడకండి. మొదటి రోజు గోనియోమీటర్ (కీలు ఎన్ని డిగ్రీలు కదులుతోందో కొలిచే పరికరం) తీసి రెండు చేతులూ కొలిచి రాసుకోకపోతే రెండోసారి వెళ్లకండి. పిల్లలతో బాగా పనిచేసే ఫిజియోథెరపిస్టు దగ్గరలో ఉంటే వాళ్లయినా సరే, నాకు ఆ పట్టింపు లేదు. గదిలోంచి ఏడుపు వినిపిస్తోందా, ఆట చప్పుడు వినిపిస్తోందా అన్నదే నేనైతే చూసుకుంటాను.

స్కేటింగ్, సైకిల్, పార్కులో ఇనుప కడ్డీలకు వేలాడటం: సుమారు మూడు నెలలు ఆగాల్సి వస్తుంది, అదీ ఎక్స్‌రే చూసి సర్జన్ సరే అన్నాకే. ఎల్బో ప్యాడ్ ఉంది కదా అని ముందే వదలకండి. చేయి చాపి పడితే దెబ్బ అరచేతి నుంచి పైకి వస్తుంది, ప్యాడ్ దాన్ని ఆపలేదు.

వచ్చే రివ్యూకి ఆ వారం వారం ఫొటోలు, సున్నా చుట్టిన చేతి ఫొటో, మరమరాలు తింటున్న వీడియో ఒకటి తీసుకెళ్లండి. ఓపీలో డాక్టరును చూడగానే పిల్లలు చేయి బిగబట్టేస్తారు, ఇంట్లో ఎంత కదులుతోందో ఆయనకు కనిపించదు. రెండు ప్రశ్నలు రాసుకుని వెళ్లండి: ఎముక పూర్తిగా అతుక్కుందా, ఎంత బరువు ఎత్తనివ్వొచ్చు? ఈలోపు ఆ పట్టి వంచిన రోజుల తర్వాత మోచేతి ముందువైపు గట్టిగా గడ్డలా, వేడిగా ఏమైనా చేతికి తగిలితే రివ్యూ తేదీ దాకా ఆగకుండా ముందే వెళ్లి చూపించండి.